అమ్మమ్మ స్కాన్ రిపోర్టు నేర్పిన ఇంగ్లీషు

ఇంటర్‌లో ఉన్నప్పుడు నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. అట్ట మీద స్కెచ్ పెన్‌తో "వొకాబులరీ" అని పెద్దగా రాసుకున్నా. పేజీ మధ్యలో నిలువు గీత, ఎడమ వైపు ఇంగ్లీషు పదం, కుడి వైపు అర్థం. రోజుకి ఇరవై పదాలు. బస్సులో బట్టీ పట్టి, రాత్రి అమ్మకి అప్పజెప్పేదాన్ని. రెండేళ్ళలో నోట్‌బుక్ నిండిపోయింది. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం, పైగా ఈ నోట్‌బుక్. ఇంకేముంది, నాకు ఇంగ్లీషు పదాలకి కొదవ లేదనుకున్నా. పోయిన వేసవి సెలవుల్లో ఆ నమ్మకం ఒక్క సాయంత్రంలో పోయింది.

అప్పుడు తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. అమ్మమ్మకి కొన్నాళ్ళుగా కడుపులో నొప్పి. మామయ్య గుంటూరు తీసుకెళ్ళి అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించాడు. రిపోర్టు చేతికొచ్చేసరికి డాక్టర్ గారు వెళ్ళిపోయారు, రేపు పొద్దున రమ్మన్నారు. అలా ఆ కవరు ఇంటికి వచ్చింది. అందరూ హాల్లో కూర్చున్నారు. "అమ్మడూ, నువ్వు చదివి చెప్పవే, ఇంగ్లీషు మీడియం కదా" అని మామయ్య నా చేతిలో పెట్టాడు.

లివర్ దగ్గర "గ్రాస్లీ నార్మల్" అని ఉంది. పాంక్రియాస్ దగ్గర "అన్‌రిమార్కబుల్". స్ప్లీన్ దగ్గర మళ్ళీ "అన్‌రిమార్కబుల్". ఈ పదం నా నోట్‌బుక్‌లో ఉంది! కుడి వైపు ఏం రాసుకున్నానో కూడా గుర్తుంది: ప్రత్యేకత లేని, అంతంతమాత్రపు. గ్రాస్ అంటే అసహ్యం అని యూట్యూబ్ వీడియోల పుణ్యమా అని తెలుసు.

"లివర్ నార్మల్ అనే రాశారు గానీ, దాని ముందు ఏదో తేడా మాట ఉంది మామయ్యా. పాంక్రియాస్, స్ప్లీన్ మాత్రం అంత గొప్పగా లేవంట."

"గొప్పగా లేవంటే?"

"అంతంతమాత్రమేనంట."

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అత్తయ్య లేచి టీవీ కట్టేసింది. ఆ రాత్రి అమ్మమ్మ ఆకలిగా లేదని అన్నం తినలేదు. పదిన్నరకి అమ్మని గదిలోకి పిలిచి బీరువా తాళాలు ఎక్కడ పెడుతుందో, నాలుగు పేటల గొలుసు ఎవరికి ఇవ్వాలో నెమ్మదిగా చెప్పడం పక్క గదిలో పడుకున్న నాకు వినపడింది.

పొద్దున డాక్టర్ గారు రిపోర్టు ఒకసారి తిరగేసి, "అన్నీ బాగున్నాయమ్మా. ఎసిడిటీ అంతే. టైముకి తినండి" అన్నారు. మామయ్య ఊరుకోకుండా, "మరి రెండు పార్టులు అంతంతమాత్రంగా ఉన్నాయని…" అన్నాడు. "ఎవరు చెప్పారు?" అన్నారాయన. అందరూ నా వైపు తిరిగారు.

నాకు ఆ పదం తెలియకపోతే ఏమీ అయ్యేది కాదు. "ఏమో, తెలీదు" అని ఫోన్‌లో చూసేదాన్ని. తెలుసనుకోవడం వల్లే వచ్చింది చిక్కంతా. ఆ తర్వాత నేను ఇంగ్లీషు పదాలు నేర్చుకునే పద్ధతే మార్చుకున్నా. ప్లేస్‌మెంట్ల కోసమో, జీఆర్ఈ కోసమో మనలో చాలామంది ఇప్పుడు పదాల లిస్టులు బట్టీ పడుతున్నారు కాబట్టి, నాకు తెలిసొచ్చింది మీతో పంచుకుంటా.

*ఈక్వల్ టు గుర్తు చేసే మోసం*

సినిమా రివ్యూలో "అన్‌రిమార్కబుల్" అని రాస్తే అది తిట్టు. చూడదగ్గ విశేషమేమీ లేదని. అదే మాట స్కాన్ రిపోర్టులో ఉంటే శుభవార్త. ప్రత్యేకంగా రాయాల్సిన తేడా ఏదీ కనపడలేదని. పదం ఒకటే, మూలార్థం కూడా ఒకటే: గుర్తించి చెప్పాల్సింది లేదు. కానీ సినిమాలో విశేషం లేకపోతే నష్టం, ఒంట్లో విశేషం లేకపోతే లాభం.

మన క్లాసు భాషలో చెప్పాలంటే ఇది ఫంక్షన్ ఓవర్‌లోడింగ్. పేరు ఒకటే ఉంటుంది, లోపలికి ఏం పంపామన్నదాన్ని బట్టి ఏ డెఫినిషన్ నడవాలో తేలుతుంది. నా నోట్‌బుక్‌లో మాత్రం ఒక్కో పేరుకి ఒక్కటే డెఫినిషన్. పదం ఈక్వల్ టు అర్థం. అంతే.

ఆ తర్వాత ఆసుపత్రి కాగితాల్లో కనిపించే ఇలాంటి మాటలు కొన్ని పోగేశాను. ఇవన్నీ మనకి "తెలిసిన" పదాలే, చూడండి.

పాజిటివ్, నెగెటివ్: బయట పాజిటివ్ మంచిది. టెస్టుల్లో పాజిటివ్ అంటే వెతుకుతున్నది దొరికిందని. కోవిడ్ రోజుల్లో ఈ ఒక్కటీ దేశం మొత్తం నేర్చుకుంది.

ఎక్యూట్, క్రానిక్: ఎక్యూట్ అంటే తీవ్రమైనది, క్రానిక్ అంటే ఇంకా తీవ్రమైనది అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నా. వైద్యంలో తేడా తీవ్రతలో కాదు, కాలంలో. ఎక్యూట్ అంటే హఠాత్తుగా మొదలైంది. క్రానిక్ అంటే చాలా కాలంగా ఉన్నది. గ్రీకులో క్రోనోస్ అంటే కాలం. మన పేపర్లు రాసే "దీర్ఘకాలిక వ్యాధి" సరిగ్గా ఇదే.

డినైస్: కేస్ షీట్‌లో "పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్" అని రాస్తారు. పేషెంట్ ఏదో దాస్తున్నాడని కాదు. "ఛాతీలో నొప్పి ఉందా?" అని అడిగితే లేదన్నాడు, అంతే.

ఇంప్రెషన్: స్కాన్ రిపోర్టు చివర ఉంటుంది. మంచి ఇంప్రెషన్ కొట్టేయడం కాదు. చూసిందంతా కలిపి డాక్టర్ తేల్చిన మాట.

టెండర్: మనకి కొబ్బరి బోండాం దగ్గర ఒక టెండర్, రోడ్డు కాంట్రాక్టు దగ్గర ఒక టెండర్ తెలుసు. కేస్ షీట్‌లో టెండర్ అంటే అక్కడ నొక్కితే నొప్పి పుడుతోందని.

*ఒక్క పదం, ఒక చెట్టు*

ఇలా ఒక్కో పదానికి నాలుగేసి అర్థాలు విడివిడిగా బట్టీ పట్టాలా? అక్కర్లేదు. చాలా పదాల్లో మధ్యలో ఒక మొదలు ఉంటుంది, మిగతావి దాని కొమ్మలు. నన్ను ముంచిన రెండో పదం గ్రాస్‌నే తీసుకుందాం.

దాని పాత అర్థం లావు, పెద్ద అని. ఫ్రెంచిలో "గ్రో" అంటే ఇప్పటికీ అదే. పెద్ద డజను అనే మాట నుంచి వచ్చిందే పన్నెండు డజన్ల గ్రాస్, అంటే 144. కోతలేవీ కోయకముందు ఉన్న పెద్ద మొత్తం గ్రాస్ శాలరీ. ప్లేస్‌మెంట్ సెల్ మెయిల్ చూసి ఎగిరి గంతేసే ముందు ఈ కొమ్మ గుర్తుపెట్టుకోండి. పెద్ద తప్పు, ఎవరికైనా కనపడేంత నిర్లక్ష్యం, కోర్టు భాషలో "గ్రాస్ నెగ్లిజెన్స్". సూక్ష్మంగా కాకుండా పైకి కనిపించినంత మేరకు చూడటం వైద్యంలో "గ్రాస్లీ". మోటు, నాజూకు లేనిది అనే కొమ్మ నుంచి చివరికి యూట్యూబ్ పిల్లలు "ఛీ" అనడానికి వాడే గ్రాస్ వచ్చింది. నాకు ఆ చిట్టచివరి రెమ్మ ఒక్కటే తెలుసు. దాన్ని పట్టుకుని అమ్మమ్మ లివర్ గురించి తీర్పు చెప్పా.

తమాషా ఏంటంటే, ఈ చెట్టు మొత్తం తెలుగులో ముందే ఉంది. స్థూలం! స్థూలకాయం అంటే లావైన ఒళ్ళు. స్థూల దేశీయోత్పత్తి అంటే జీడీపీలోని గ్రాసే. "స్థూలంగా చూస్తే అంతా బాగానే ఉంది" అంటే పైకి కనపడినంతవరకు బాగుందని. "గ్రాస్లీ నార్మల్"కి ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. సోషల్ టెక్స్ట్‌బుక్‌లో "స్థూల" అని చదివిన తెలుగు మీడియం ఫ్రెండ్ ఎవరైనా ఆ రాత్రి నా పక్కన ఉంటే నన్ను కాపాడేవాళ్ళు.

*కొట్టు అంటే కొట్టడమేనా?*

పదం అర్థం సగం దాని పక్కనున్న పదంలో ఉంటుంది. ఇది ఇంగ్లీషులో కంటే ముందు మన భాషలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తెలుగు నేర్చుకుంటున్న పరాయి దేశస్థుడు ఒకడు తన నోట్‌బుక్‌లో "కొట్టు ఈక్వల్ టు హిట్" అని రాసుకున్నాడనుకోండి. వాడికి "ఈత కొట్టాం" అంటే ఏం తోస్తుంది? చప్పట్లు కొట్టు, కన్ను కొట్టు, కాపీ కొట్టు, టెంకాయ కొట్టు, బోర్ కొట్టు, వాసన కొట్టు… పాపం, వీళ్ళింత హింసావాదులేంటి అనుకుంటాడు. "పెట్టు"దీ ఇదే కథ. అన్నం పెడతాం, పేరు పెడతాం, బొట్టు పెడతాం, ముద్దు పెడతాం, పేచీ పెడతాం. మనకి ఇవెవరూ లిస్టు ఇచ్చి నేర్పలేదు. జంటలుగా విన్నాం, జంటలుగానే అన్నాం.

ఇంగ్లీషులోనూ అంతే. వానకి "హెవీ" జత, గాలికి "స్ట్రాంగ్" జత. టీ చిక్కగా ఉంటే అదీ "స్ట్రాంగే", "థిక్" కాదు. తప్పుని "మేక్" చేస్తారు, హోంవర్క్‌ని "డూ" చేస్తారు. ఎందుకు అని అడిగితే, ఈత ఎందుకు కొడతామో చెప్పగలిగితే దీనికీ జవాబు చెప్పొచ్చు. కాబట్టి పదాన్ని ఒంటరిగా రాసుకోవద్దు, తోడుతో పాటు రాసుకోండి.

మనకి ఈ పద్ధతి కొత్త కూడా కాదు. "కమిట్" అనే పదం మనకెవరైనా డిక్షనరీ తీసి చెప్పారా? ఫస్టియర్‌లో గిట్ వాడుతూ, కమిట్ చేసి, పుష్ చేసి, మెసేజ్ రాయడం మర్చిపోయి సీనియర్‌తో తిట్లు తిని నేర్చుకున్నాం. అందుకే అది చచ్చినా మర్చిపోం. కానీ అదే పదం నేరంతో జత కడితే "చేయడం", జ్ఞాపకంతో జత కడితే "కంఠస్థం పట్టడం", ఒక పనితో జత కడితే "మాట ఇచ్చి కట్టుబడటం". ఒక జత బాగా తెలుసు కదా, మిగతావి దానికి తగిలించుకుంటే సరి.

*మన ఇంగ్లీషు ఎక్కడిదాకా చెల్లుతుంది?*

ఇంకో రకం తెలిసిన పదాలున్నాయి. ఇవి మనమంతా ఒకే అర్థంలో వాడతాం, బయటివాళ్ళు వేరే అర్థంలో వాడతారు. దీనికీ నా దగ్గర ఒక దెబ్బ ఉంది. సెకండియర్‌లో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ అర్థం కాక, రాసినతన్ని "మీ కోడ్‌లో నాకొక డౌట్ ఉంది" అని ఇంగ్లీషులో అడిగా. అతను ఆ కోడ్ ఎందుకు కరెక్టో పది లైన్లు వాదించాడు. నేను అడిగిందానికి జవాబు మాత్రం రాలేదు! మనకి డౌట్ అంటే అర్థం కాని చోటు, సార్‌ని అడగాల్సిన ప్రశ్న. అతనికి డౌట్ అంటే అపనమ్మకం. "నీ కోడ్ మీద నాకు నమ్మకం లేదు" అన్నట్టు వినపడింది. "క్వశ్చన్" అని ఉంటే సరిపోయేది.

"పాస్ ఔట్" అంటే మనకి డిగ్రీ పూర్తవడం. చాలా చోట్ల స్పృహ తప్పి పడిపోవడం. "అవుట్ ఆఫ్ స్టేషన్" అంటే ఊళ్ళో లేకపోవడమని మనకి తెలుసు, అమెరికాలో ఉన్న మేనేజర్‌కి తెలియాలని లేదు. అలాగని ఇవి తప్పులని నేను అనను. "ప్రీపోన్" మన దేశంలో వాడుకలో పెరిగి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎక్కింది. ఇవి లోకల్ వేరియబుల్స్ లాంటివి. మన బ్లాక్ లోపల చక్కగా పనిచేస్తాయి. బయట వాడితే ఎర్రర్. స్కోప్ తెలిస్తే చాలు.

పైగా పదాల్ని తీసుకుని అర్థం మార్చేసేది మనమొక్కళ్ళమే కాదు. మన పందికొక్కుని ఇంగ్లీషువాళ్ళు "బాండికూట్" చేసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో దీనికి ఏ చుట్టరికమూ లేని, పొట్టకి సంచి ఉండే ఒక చిన్న జంతువుకి ఆ పేరు తగిలించారు. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ గేమ్ హీరో ఆ జంతువే. చిన్నప్పుడు మనం గంటలు గంటలు ఆడించినవాడి ఇంటిపేరు అచ్చ తెలుగు పందికొక్కు!

*ఇప్పుడు నా నోట్‌బుక్ ఎలా ఉంది*

నిలువు గీత తీసేశా. ఒక్కో పదానికి అర పేజీ. అందులో నాలుగు సంగతులు. ఒకటి, పదం దొరికిన వాక్యం మొత్తం. రెండు, ఎక్కడ దొరికింది: రిపోర్టా, క్రికెట్ కామెంటరీయా, డాక్యుమెంటేషనా. మూడు, దాని తోడు పదాలు, ముఖ్యంగా వెనకాల వచ్చే "టు", "ఫర్", "ఆన్" లాంటి చిన్న మాటలు. నాలుగు, నా బతుకులోంచి నేను రాసుకున్న సొంత వాక్యం. తెలుగు అర్థం చివర్లో రాస్తా, అదీ ఒక్క మాట కాదు, "ఇలాంటప్పుడు మనం ఇలా అంటాం" అని.

ఒక ఉదాహరణ. "సబ్జెక్ట్". మనకి ఆరు సబ్జెక్టులు, రెండు బ్యాక్‌లాగ్‌లు తెలుసు. మెయిల్‌లో సబ్జెక్ట్ లైన్ తెలుసు. కానీ దాని వెనకాల "టు" చేరితే లోకమే మారిపోతుంది. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర గబగబా చదివేసే వాక్యంలో ఉండేది అదే: లోబడి. మా సీనియర్ ఒకరికి వచ్చిన ఆఫర్ లెటర్‌లో "సబ్జెక్ట్ టు" అని ఒక లైన్ ఉంది, దాని తర్వాత బ్యాక్‌లాగ్‌లు లేకుండా డిగ్రీ పూర్తవ్వాలని షరతు. జీతం అంకె చూసినంత శ్రద్ధగా ఆ రెండు మాటలు చూడలేదు. చివరి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయాక అర్థమైంది, ఆ ఉద్యోగం ఇంకా చేతికి రాలేదని. అందులో ఒక్క కొత్త పదం కూడా లేదు, గమనించారా?

డిక్షనరీ విషయంలో ఒక మాట. లెర్నర్స్ డిక్షనరీ అని రాసి ఉన్నది వాడండి. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన ఏ. ఎస్. హార్న్‌బీ అనే మాస్టారు, తన విద్యార్థులకి అర్థాలు తెలిసినా వాక్యం కుదరడం లేదని చూసి, వాడుక చూపించే డిక్షనరీ తయారుచేశారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో చూసే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసుడే. అందులో మొదటి అర్థం చదివి మూసేయకండి. మూడో అర్థం దాకా వెళ్ళండి, ఉదాహరణ వాక్యాలు చదవండి. బ్రిటిష్ కాలంలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు రెండు వేల పదాల లిస్టు వేశాడు. లిస్టే, కానీ ఒక్కో పదానికి ఏ అర్థం ఎంత శాతం వాడుకలో ఉందో కూడా అందులో ఇచ్చాడు. లిస్టు వేస్తే అలా వేయాలి. తెలుగు వైపు నుంచి చూడాలంటే 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. "కొట్టు" దగ్గర తెరిచి చూడండి.

మర్చిపోకుండా ఉండటానికి నేను లైట్నర్ పెట్టెల పద్ధతి వాడతా. సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పద్ధతి: కార్డు మీద పదం రాసి, గుర్తుంటే తర్వాతి పెట్టెలోకి, మర్చిపోతే మళ్ళీ మొదటి పెట్టెలోకి. వెనక పెట్టెల్ని తక్కువసార్లు చూస్తాం. ఫోన్‌లో ఆంకీ లాంటి యాప్‌లు చేసేదీ ఇలాంటి పనే. ఒక్క మార్పు చేసుకున్నా. కార్డు మీద పదం రాయను, వాక్యం రాసి ఆ పదం చోట ఖాళీ వదులుతా. రోజుకి ఇరవై కాదు, మూడు. స్పీడు తగ్గింది. కానీ ఆ మూడూ నావి.

ఇంట్లో ఇప్పటికీ రిపోర్టులు నాకే ఇస్తారు. ఒక్క రూలు పెట్టుకున్నా. "ఇది చదవగలను, కానీ అర్థం డాక్టర్ గారే చెప్పాలి" అని ముందే చెప్పేస్తా. మొదటిసారి ఆ మాట అనడానికి నామోషీగా అనిపించింది. ఇప్పుడు లేదు.

ఆ రోజు గుంటూరు నుంచి తిరిగొస్తూ బస్సులో అమ్మమ్మ పక్కన కూర్చున్నా. ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నా. ఆవిడ మాత్రం హాయిగా బత్తాయి ఒలుచుకుంటూ, "పోన్లే, తాళాల సంగతి ఎప్పటికైనా చెప్పాల్సిందేగా, ఒక పని అయిపోయింది" అంది. తర్వాత అడిగింది, "ఇంతకీ ఆ మాటేంటే?"

"అన్‌రిమార్కబుల్ అమ్మమ్మా."

"అందులో రిమార్కు ఉంది కదే."

"ఉంది."

"లేదనేగా చెప్తున్నాడు? మీ తాతయ్య ముప్ఫై రెండేళ్ళు సర్వీసు చేసి ఒక్క రిమార్కు లేకుండా రిటైరయ్యారు. రిమార్కు లేదంటే మంచిదే కదా, భయపడతారేంటి?"

అమ్మమ్మ చదివింది ఐదో క్లాసు. ఇంగ్లీషులో సంతకం కూడా పెట్టదు. ఆ పదాన్ని రాత్రి నేను తెలుగు చేసి చెప్పకుండా, ఉన్నదున్నట్టు పైకి చదివి ఉంటే చాలు. ఆవిడ అన్నం తిని పడుకునేది.